రాత్రంత గేమ్ ఆడే తమ్మీ, గా సీసా పక్కకు పెట్టి గుడాలు తిను

మా మండలంల ఏ ఊరికి పోయినా కిరాణా దుకాణం ఫ్రిజ్‌ల పాల ప్యాకెట్ల మీది అరల ఎనర్జీ డ్రింక్ సీసాలు వరుసగ నిలబడి కనవడ్తున్నయి. ఇరవై రూపాయలు. కొనేదెవరో అడగాల్సిన పని లేదు, పొద్దుగూకినంక వచ్చే పోరలు. అప్పుడే తాగేటందుకు ఒకటి, అర్ధరాత్రి మ్యాచ్ కోసం జేబుల ఇంకోటి. మొన్న ఒక ఊర్ల యువకుల మీటింగ్ అయినంక ఓ తమ్ముడు సూటిగ అడిగిండు. "అన్నా, నాలుగైదు గంటలు గేమ్ ఆడితే కండ్లు మూతలు వడ్తున్నయి. ఏం తింటే నిద్ర రాదు?" చుట్టున్నోళ్లు నవ్విన్రు. నాకైతే మంచి ప్రశ్న అనిపించింది. తిండి గురించి అడిగే పోరలు మనకు ఎంతమంది దొరుకుతరు? గందుకే రాస్తున్న.

ముందుగాల ఒక మాట. గేమ్ ఆడుడే తప్పని చెప్పేటందుకు నేను కూసోలేదు. పెద్దమనుషులు చెట్టు కింద రాత్రి పన్నెండు దాక పేకాట ఆడితే కాలక్షేపం, పోరడు ఫోన్ పట్టుకుంటే చెడిపోయిండు. గీ లెక్క నాకు నచ్చదు. 2023ల చైనాలోని హాంగ్జౌల జరిగిన ఏషియన్ గేమ్స్‌ల ఈ-స్పోర్ట్స్‌కు పతకాలు ఇచ్చిన్రు. కాబట్టి ఆట ఆటనే. పైసలు పెట్టి ఆడేటివి మాత్రం వేరే సంగతి. తెలంగాణల వాటి మీద 2017 నుంచే నిషేధం ఉంది, 2025ల కేంద్రం కూడ చట్టం తెచ్చింది. రమ్మీ యాప్‌ల ముంగట కూసున్నోనికి తిండి చెప్పుడు నా పని కాదు.

ఇగ సీసా సంగతి చూద్దాం. అండ్ల శక్తి ఉంటదని మనోళ్లు అనుకుంటున్నరు. ఉండేది చక్కెర, కెఫీన్. చక్కెరనే శక్తి, కెఫీన్ శక్తి కాదు. పొద్దున లేచిన కాడి నుంచి మన మెదడుల అడెనోసిన్ అనే పదార్థం కొద్దికొద్దిగ జమైతుంటది. అది ఎంత జమైతే గంత నిద్ర ముంచుకొస్తది. అది పోయి కూసునే జాగల కెఫీన్ ముందే పోయి కూసుంటది. దాంతోని "అలసిపోయినవు" అన్న కబురు నీకు అందది. అలసట యాడికీ పోదు, ఆడనే జమైతుంటది. కెఫీన్ దిగిపోంగనే అదంత ఒక్కసారి మీద వడ్తది. అప్పుల మీద మిత్తి లెక్క అనుకో.

ఇంకోటి, ఈ కెఫీన్ తొందరగ దిగదు. తాగినంక అరగంట నుంచి గంట లోపల మెదడుల బాగ పనిచేస్తది. కానీ సగం దిగేసరికి దాదాపు అయిదు గంటలు పడ్తది. మన దేశంల ఫుడ్ సేఫ్టీ రూల్ ప్రకారం ఇసువంటి డ్రింకులల్ల లీటరుకు 145 మిల్లీగ్రాముల నుంచి 300 మిల్లీగ్రాముల దాక కెఫీన్ ఉండొచ్చు. అంటే 250 మిల్లీలీటర్ల సీసాల ఎక్కువల ఎక్కువ 75 మిల్లీగ్రాములు. రాత్రి పన్నెండు లోపల మూడు సీసాలు కొట్టినవనుకో, 225. పొద్దున అయిదింటికి గేమ్ బంద్ చేసి పండుకుంటే అప్పటికింక నూరు మిల్లీగ్రాముల పైననే ఒంట్ల తిరుగుతుంటది. అంటే రెండు చాయలు తాగి పండుకున్నట్టు. నిద్ర వచ్చినా అది లోతుగుండది. లేచినంక తలకాయ బరువు, మల్ల సాయంత్రం సీసా.

పెద్దోళ్లకు రోజుకు 300 మిల్లీగ్రాములు దాటొద్దని హైదరాబాద్ తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024ల చెప్పింది. పిల్లలకు, టీనేజీ పోరలకు బరువును బట్టి లెక్క. కిలోకు 3 మిల్లీగ్రాములు దాటొద్దని యూరప్ ఆహార భద్రత సంస్థ అంటది. మన తొమ్మిదో తరగతి పొల్లగాని బరువు 45 కిలోలు అనుకుంటే 135 వస్తది. అంటే రెండు సీసాలకే గీత దాటొచ్చు. గుండె దడదడ కొట్టుకునుడు, చేతులు వణుకుడు, కడుపుల మంట, ఇవన్నీ గా గీత దాటినంక వచ్చేటివే. వణికే చేతితోని స్క్రీన్ మీద గురి ఎట్ల కుదుర్తదో నువ్వే చెప్పు.

చక్కెర ఎంతుందో సీసా ఎనక చూడు. 100 మిల్లీలీటర్లకు ఎన్ని గ్రాములో రాసి ఉంటది. దాన్ని రెండున్నరతోని గుణించు, వచ్చినదాన్ని నాలుగుతోని భాగించు. అవి చెంచాల లెక్క. మామూలు కూల్‌డ్రింక్‌కు ఆరు చెంచాల పైన్నే వస్తది. మీ అమ్మ చాయల ఆరు చెంచాల చక్కెర ఏస్తే తాగుతవా?

నిద్ర ఆపుకునేటందుకు ఖైనీ, గుట్కా పెట్టుకునేటోళ్లు కూడ ఉన్నరు. దాని గురించి ఎక్కువ రాయ. నోటి క్యాన్సర్ వార్డుకు ఒక్కసారి పోయి రా, చాలు.

మరి ఏం తినాలె? దీనికి ముందు తిన్నంక నిద్ర ఎందుకొస్తదో తెల్వాలె. తిన్నంక నెత్తురంత కడుపుకు పోతది, గందుకే మబ్బు అని మన పెద్దలు అంటరు. గంత సీదా కాదు. మెదడుకు పోయే నెత్తురు పెద్దగ తగ్గది. నిజానికి మన ఒంటి బరువుల మెదడు నూటికి రెండు వంతులే, కానీ అది ఒళ్లు ఖర్చువెట్టే శక్తిల నూటికి ఇరవై వంతులు వాడుకుంటది. దానికి గ్లూకోజ్ కావాలె, అదీ సన్నధారగ. నువ్వు రాత్రి తొమ్మిదింటికి పళ్లెం నిండ తెల్లన్నమో, చౌరస్తా కాడి బిర్యానో కడుపు బిగిసేదాక తిన్నవనుకో, నెత్తుర్ల చక్కెర ఒక్కసారి లేస్తది. దాన్ని దించేటందుకు ఇన్సులిన్ ఉరికొస్తది. అప్పుడే కునికిపాట్లు. కూల్‌డ్రింక్, చిప్స్, బిస్కెట్ల పని కూడ గిదే. లేపుతయి, పడేస్తయి. చెరువు తూము పూర్తిగ ఎత్తితే పొలం ఎట్ల కొట్టుకపోతదో, గట్లనే.

కాబట్టి కావాల్సింది నెమ్మదిగ అరిగే తిండి. గది కొనేటందుకు పట్నం సూపర్‌మార్కెట్‌కు పోయే పని లేదు, అమెజాన్‌ల ఆర్డర్ పెట్టే పని అసలే లేదు. అన్ని మన ఇండ్లల్లనే ఉన్నయి. ఉండేటివి అనాలెనేమో.

నా లెక్కల మొదటి జాగ గుడాలకు. శెనగలు గానీ బొబ్బెర్లు గానీ పొద్దున నానవెట్టి, సాయంత్రం ఉడకవెట్టి, ఇంత ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, నిమ్మకాయ పిండుకుంటే అయిపాయె. అరసేరు అవసరం లేదు. పొడి శెనగలు 50 గ్రాములు, అంటే రెండు గుప్పిళ్లల్లనే తొమ్మిది గ్రాముల పైన ప్రొటీన్ ఉంటది. పీచు ఉంటది కాబట్టి చక్కెర నెమ్మదిగ ఎక్కుతది, నెమ్మదిగ దిగుతది. ఆడుకుంట ఒక్కొక్కటి నోట్ల ఏసుకోవచ్చు, చేతికి నూనె అంటది. చిప్స్ తిన్న ఏళ్లతోని స్క్రీన్ పట్టుకుంటే ఏమైతదో నీకు నాకన్న బాగ తెల్సు.

తర్వాత పల్లీలు. వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు ఎకరాలకు ఎకరాలు పల్లికాయ ఏస్తరు. గా రైతు బిడ్డనే పల్లీలు అమ్మిన పైసలతోని సీసా కొంటున్నడు. 100 గ్రాముల పల్లీలల్ల 24 గ్రాముల దాక ప్రొటీన్ ఉంటది. గుప్పెడు ఏంచిన పల్లీలు, చిన్న బెల్లం ముక్క. రెండు గుప్పిళ్లు దాటొద్దు, నూనె గింజ కదా, బరువు చేస్తది. మా నాయిన రాత్రి కరెంటు కాలంల రెండింటికి మోటర్ పెట్టేటందుకు పోయేటప్పుడు రుమాల్ల గిదే కట్టుకపోయేటోడు. చీకట్ల పాములు, తెగిన వైర్లు, నిద్రమబ్బుల అడుగు తప్పితే పానమే పోయే పని. సోయి తోని ఉండుడంటే ఏందో ఆ తరానికి మనకన్న ఎక్కువ తెల్సు.

సత్తుపిండి సంగతి చెప్పకపోతె ఎట్ల? సద్దుల బతుకమ్మ నాడు తప్ప మనకు యాదికి రాదు. మక్కలు గానీ జొన్నలు గానీ పుట్నాలు గానీ దోరగ ఏంచి పట్టించి డబ్బల పోసుకుంటే నెల రోజులు ఉంటది. రెండు చెంచాలు చల్లల కలుపుకొని తాగితె ఆకలి ఆగుతది, కడుపు బరువుగ ఉండది. పట్నంల గిసువంటి దానికే ఇంగ్లిష్ పేరు పెట్టి డబ్బకు వందలు గుంజుతున్నరు.

ఉడకవెట్టిన గుడ్డు ఒకటి, దాంట్ల ఆరు గ్రాముల ప్రొటీన్. జామపండు ఒకటి. మూడు సీసాల 60 రూపాయలతోని పావుకిలో పల్లీలు, రెండు మూడు గుడ్లు వస్తయి, లెక్క వేసుకో.

రాత్రి బువ్వ గురించి కూడ చెప్త. ఆట తొమ్మిదింటికి షురూ అయితే ఏడున్నర లోపల తినెయ్. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర అయితే బంగారం. అన్నమే తింటే అన్నం సగం చేసి పప్పు, కూర రెండింతలు చెయ్. నేను అన్నానికి పగోన్ని కాదు. తెలంగాణల 2025 ఏప్రిల్ నుంచి రేషన్ దుకాణంల మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉత్తగనే ఇస్తున్నరు, పేదింటికి అది పెద్ద ఆసరా. కానీ గా సంచితోని పాటు ఇంత జొన్న, ఇంత పప్పు గూడ ఇయ్యాలె గదా అని నేను అడుగుత. జహీరాబాద్ దిక్కు ఆడోళ్లు ఇంకా జొన్న, సజ్జ, కొర్ర, తైదలు పండిస్తనే ఉన్నరు. కొనే దిక్కు ఉంటె ఇంక నాలుగు జిల్లాలు పండిస్తయి.

ఇప్పుడు అసలు సంగతి. చానామంది పోరలకు మబ్బు ఆటతోని రాదు, నెత్తురు తక్కువుండి వస్తది. 2019-21ల జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంల 15 నుంచి 19 ఏండ్ల ఆడపిల్లలల్ల నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. మగపిల్లలల్ల నూటికి 31 మందికి. నెత్తుర్ల ఇనుము తక్కువైతే మెదడుకు గాలి సరిగ్గ అందది. దమ్ము వస్తది, తలకాయ తిరుగుతది, మనసు నిలవది. దీనికి సీసా ఏం చేస్తది? చాయనైతే ఇంకింత పాడు చేస్తది. అన్నం తిన్న ఎంబడే చాయ తాగితే తిండిల ఇనుము ఒంటికి పట్టది. తినే ముందు ఒక గంట, తిన్నంక ఒక గంట చాయ, కాఫీ ముట్టొద్దు. మునగాకు, తోటకూర, సజ్జ రొట్టె, గుడాలు తిని, ఎంబడి నిమ్మకాయనో జామపండో ఉసిరికాయనో తింటే ఆ విటమిన్ సీ ఇనుమును లోపలికి గుంజుతది. రోజూ మబ్బు మబ్బుగ ఉంటే ప్రైమరీ హెల్త్ సెంటర్ల హిమోగ్లోబిన్ పరీక్ష ఉత్తగనే చేస్తరు. చెల్లెండ్లు ముఖ్యంగ పోవాలె. ఇంట్ల గేమ్ ఆడే తీరిక అన్నకే దొరుకుతది, చెల్లె గిన్నెలు తోముకుంటనే మేలుకొని ఉంటది. గా అలసట ఎవలూ లెక్కవెట్టరు.

నీళ్లు కూడ యాది పెట్టుకో. ఒంట్ల నీళ్లు నూటికి రెండు వంతులు తగ్గినా గురి తప్పుడు, తలనొప్పి మొదలైతది. ఎండాకాలం రేకుల ఇంట్ల కూసొని ఆడేటోనికి ఇది తొందరగ అయితది. పక్కన చెంబుల నీళ్లు పెట్టుకో, గంటకో గ్లాసు. ఉప్పేసిన పల్చటి చల్ల ఇంకా మంచిది. నీళ్లు తాగితే ఒంటికి పోవాలె, ఒంటికి పోవాలంటే లేవాలె. గట్లనన్న కాళ్లకు జర కదలిక వస్తది. స్క్రీన్ చూస్తుంటే రెప్ప కొట్టుడు తగ్గి కండ్లు ఎండిపోతయి, చానాసార్లు మనం నిద్ర అనుకునేది గదే. 20 నిమిషాలకొకసారి తలకాయెత్తి దూరంగ ఉన్న చెట్టునో దీపాన్నో చూడు.

చాయ తాగొద్దా అంటే, తాగు. ఆట షురూ కాంగ ఒక కప్పు, గంతే. రాత్రి పండుకునే యాళ్లకు ఆరు గంటల ముందు దాక మాత్రమే.

తెల్లవారు జామున మూడు నుంచి అయిదు మధ్యల ఏం తిన్నా, ఏం తాగినా మెదడు మాట వినది. మనిషి ఒంట్ల గడియారం గట్ల తిరుగుతది. 17 గంటలు నిద్ర లేకుంట ఉన్నోని చురుకు, నెత్తుర్ల 0.05 శాతం మందు ఉన్నోని లెక్క పడిపోతదని 1997ల ఆస్ట్రేలియా పరిశోధకులు కొలిచి చెప్పిన్రు. మన దేశంల బండి నడిపేటోనికి పోలీసుల గీత 0.03 శాతం. పొద్దున ఆరింటికి లేచి రాత్రి పదకొండు దాటినంక కూడ ఆడుతున్నోడు మందు తాగకుంటనే గా గీత దాటిండన్నట్టు. గేమ్‌ల ఓడితే మల్ల మ్యాచ్ ఉంటది. కానీ గదే పోరడు తెల్లారి పాల క్యాన్లు కట్టుకొని బండి తీస్తడు, ట్రాక్టర్ ఎక్కుతడు, వరికోత మిషన్ మీద కూసుంటడు. నాకు భయం ఆడనే. తప్పనిసరి ఆడాల్సిన టోర్నమెంట్ ఉంటే సాయంత్రం ఒక ఇరవై నిమిషాలు కునుకు తియ్యి, తెల్లారి బండి ముట్టకు. 18 ఏండ్ల లోపలోళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలె.

లిథువేనియా 2014ల, లాట్వియా 2016ల, పోలండ్ 2024ల 18 ఏండ్ల లోపలోళ్లకు ఎనర్జీ డ్రింకులు అమ్మొద్దని చట్టం తెచ్చినయి. మన కాడ సీసా మీద హెచ్చరిక రాయాలని రూల్ ఉంది, రాస్తున్నరు కూడ. కానీ ఇంగ్లిష్‌ల గానీ హిందీల గానీ ఉంటె చాలు, తెలుగుల రాయాల్సిన పని లేదు. చీమ తలకాయంత అక్షరాలు. దుకాణం అవ్వకు ఏం తెల్వాలె? మీ ఊరి యూత్ పోరలు ఒక అట్టముక్క తీసుకొని గా ముక్కలను తెలుగుల పెద్దగ రాసి ఫ్రిజ్ తలుపుకు అతికియ్యున్రి. "ఎక్కువ కెఫీన్ ఉన్నది. పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కెఫీన్ పడనోళ్లు తాగొద్దు. రోజుకు 500 మిల్లీలీటర్లు దాటొద్దు." ఇది నా మాట కాదు, సీసా మీద కంపెనీనే రాసింది. దుకాణపాయన కోపానికొస్తే సీసా తిప్పి చూపియ్యున్రి.