సంఘం లెక్క మన లెక్క

నాట్లప్పుడు చేతినిండా పని. కలుపు తీసేటప్పుడు పని. కోతలప్పుడు పని. ఆ తరువాత? పని ఉన్న రోజున కూలి వస్తుంది. పని లేని రోజున రాదు. కానీ పొయ్యి రోజూ వెలగాలి.

తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఊళ్లన్నీ కృష్ణా డెల్టాలో ఉన్నాయి. కాలవ నీళ్లతో వరి పండుతుంది. వరి తరువాత మినుము, పెసర, మొక్కజొన్న వేస్తారు. తెనాలిలో మినప్పప్పు మిల్లులు ఉన్నాయి. దుగ్గిరాలలో పసుపు యార్డు ఉంది. రేపల్లెకు దిగువన నిజాంపట్నంలో చేపల రేవు ఉంది. చీరాల వైపు మగ్గాలు ఉన్నాయి. ఈ పనులన్నిటిలో ఆడవాళ్ల కష్టం ఉంది.

అయితే ఏ పనీ ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మర పడవల వేట ఆపేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ముసురు పడితే మగ్గం గుంటలో నీరు ఊరుతుంది. నేత ఆగిపోతుంది. అలాంటప్పుడే పిల్లవాడికి జ్వరం వస్తుంది. అలాంటప్పుడే బడి తెరుస్తారు. చేతిలో డబ్బు ఉండదు. అప్పు చెయ్యక తప్పదు.

అప్పు చెయ్యడం తప్పు కాదు. ఎవరి దగ్గర చేస్తున్నాం, ఎంత వడ్డీకి చేస్తున్నాం అన్నది తెలియకపోవడమే ముప్పు.

మూడు రూపాయల వడ్డీ అంటే ఎంత?

మూడు రూపాయలే గదా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. నూరు రూపాయలకు నెలకు 3 రూపాయలు. ఏడాదికి 12 నెలలు. అంటే నూటికి 36 రూపాయలు. వెయ్యికి 360 రూపాయలు.

రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు 1 రూపాయి. ఏడాదికి 12 రూపాయలు. పావలా వడ్డీ అంటే నూటికి నెలకు 25 పైసలు. ఏడాదికి 3 రూపాయలు. 2004లో మన రాష్ట్రంలో మహిళా సంఘాలకు పావలా వడ్డీ పథకం వచ్చింది. అప్పుడు ఆ మాట ఇంటింటా వినిపించింది.

సంఘాలు ఎలా వచ్చాయి?

1982లో కేంద్ర ప్రభుత్వం డ్వాక్రా పథకం మొదలుపెట్టింది. పల్లెల్లో ఆడవాళ్లు చిన్న చిన్న గుంపులుగా కలిసి సంపాదించుకోవాలని దాని ఉద్దేశం. ఆ పథకం 1999లో మరో పథకంలో కలిసిపోయింది. కానీ పేరు మాత్రం పోలేదు. ఈనాటికీ పొదుపు సంఘాన్ని డ్వాక్రా గ్రూపు అనే అంటారు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగింది. రాత్రిపూట ఆడవాళ్లు పలకా బలపం పట్టుకొని కూర్చున్నారు. వాళ్ల వాచకంలో సారా గురించి ఒక పాఠం ఉంది. దూబగుంట అనే ఊళ్లో ఆడవాళ్లు ఆ పాఠం చదివారు. అది తమ ఇంటి కథే అనుకొన్నారు. అందరూ కలిసి సారా దుకాణం మూయించారు. 1992లో ఆ ఉద్యమం జిల్లా అంతటా, తరువాత రాష్ట్రమంతటా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది.

ఆ తరువాత నెల్లూరు ఆడవాళ్లు ఇంకో పని చేశారు. రోజుకు ఒక రూపాయి చొప్పున దాచారు. దానికి పొదుపు లక్ష్మి అని పేరు వచ్చింది. ఒక్క రూపాయి ఏ మూలకు అని కొందరు నవ్వారు. కానీ చుక్క చుక్క చేరితేనే కుండ నిండుతుంది.

1992లోనే నాబార్డు అనే పెద్ద బ్యాంకు 500 సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయత్నం మొదలుపెట్టింది. 2000లో మన రాష్ట్రంలో వెలుగు కార్యక్రమం వచ్చింది. ఊళ్లోని సంఘాలన్నీ కలిసి గ్రామ సంఘం అయ్యాయి. గ్రామ సంఘాలన్నీ కలిసి మండల సమాఖ్య అయ్యాయి.

సంఘం ఎలా నడుస్తుంది?

సంఘానికి ఐదు సూత్రాలు ఉన్నాయి. వాటిని పంచ సూత్రాలు అంటారు.

1. తప్పకుండా సమావేశం కావాలి.
2. తప్పకుండా పొదుపు చెయ్యాలి.
3. పొదుపు డబ్బును సభ్యులే అప్పుగా వాడుకోవాలి.
4. అప్పును వాయిదా ప్రకారం కట్టాలి.
5. పుస్తకాలు సరిగా రాయాలి.

ఒక సంఘంలో 12 మంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరు నెలకు 100 రూపాయలు దాస్తున్నారు. నెలకు 1,200 రూపాయలు అవుతుంది. ఐదు నెలలకు 6,000 అవుతుంది. ఏడాదికి 14,400 అవుతుంది.

ఆ డబ్బులోంచి ఒకామె 5,000 రూపాయలు అప్పు తీసుకొంది. గేదె ఈనింది, దాణా కొనాలి. రూపాయి వడ్డీ. నెలకు 500 చొప్పున పది నెలల్లో తీర్చాలి. మొదటి నెల వడ్డీ 50 రూపాయలు. 500 అసలు కట్టింది గనుక రెండో నెల అప్పు 4,500. వడ్డీ 45. మూడో నెల 40. ఇలా తగ్గుతూ వచ్చి పదో నెలకు 5 రూపాయలే. మొత్తం వడ్డీ 275 రూపాయలు.

అదే 5,000 బయట మూడు రూపాయల వడ్డీకి తెస్తే? నెలకు 150. పది నెలలకు 1,500. అసలు అయిదు వేలూ అలాగే ఉంటుంది!

ఇంకొక సంగతి గమనించండి. బయట కట్టిన 1,500 బయటికే పోయింది. సంఘానికి కట్టిన 275 సంఘంలోనే ఉంది. అందులో ఆ 12 మందికీ వాటా ఉంది. కట్టినామెకూ వాటా ఉంది.

ఆరు నెలలు సంఘం ఇలా పద్ధతిగా నడిస్తే బ్యాంకు అప్పు ఇవ్వడానికి ముందుకు వస్తుంది. పొలం కాగితాలు అడగదు. మెడలో గొలుసు తాకట్టు అడగదు. సంఘం పుస్తకాలు చూస్తుంది. కట్టే అలవాటు చూస్తుంది. ఒకరికి మిగతా అందరూ పూచీ. అందుకే ఒకరు కట్టకపోతే అందరికీ ఇబ్బంది.

పుస్తకం ఎవరి చేతిలో ఉంది?

ఐదు సూత్రాల్లో నాలుగు అందరికీ గుర్తుంటాయి. ఐదోది మరచిపోతారు. "లెక్కలు లీడరు చూసుకొంటుందిలే" అంటారు. "రాసే అమ్మాయి ఉందిగా" అంటారు. సంఘాలు దెబ్బతినేది ఇక్కడే.

లీడరు మంచిదే కావచ్చు. అయినా మనిషి అన్నాక పొరపాటు రాస్తుంది. కట్టిన వాయిదా ఎక్కించడం మరచిపోతుంది. ఎవరూ చూడకపోతే ఆ తప్పు అలాగే ఉండిపోతుంది. ఆరు నెలల తరువాత తగాదా వస్తుంది. "నేను కట్టాను" అని ఒకరు, "పుస్తకంలో లేదు" అని ఒకరు. ఇరుగుపొరుగు వాళ్ల మధ్య మాటలు పోతాయి. సంఘం విడిపోతుంది. లీడరు మంచిది కాకపోతే సంగతి చెప్పనే అక్కర్లేదు.

లెక్క అడిగితే అనుమానించినట్టు కాదు. లెక్క అడిగితే లీడరుకూ మేలే. రేపు ఎవరూ ఆమెను వేలెత్తి చూపలేరు.

అందుకని ప్రతి సమావేశంలో ఈ పనులు చెయ్యండి.

మీ పాసు పుస్తకం మీ దగ్గరే పెట్టుకోండి. డబ్బు కట్టగానే తేదీ, పొదుపు, కట్టిన అసలు, కట్టిన వడ్డీ, మిగిలిన అప్పు – ఈ ఐదూ రాశారా చూడండి.

తీర్మానం పుస్తకంలో సంతకం చేసే ముందు చదవండి. మెల్లగా చదివినా ఫరవాలేదు. కూడబలుక్కొని చదివినా సిగ్గు పడవద్దు. ఎంత అప్పు? ఎవరెవరికి ఎంత? ఎన్ని వాయిదాలు? ఇవి లేకుండా సంతకం పెట్టవద్దు. ఖాళీ కాగితం మీద అసలే పెట్టవద్దు.

సంఘం బ్యాంకు పాసు పుస్తకాన్ని నెలకు ఒకసారి అందరి ముందు పైకి చదివించండి. ఒక నెల ఒకరు, ఇంకో నెల ఇంకొకరు చదవాలి.

ఫోనుకు ఓటీపీ నంబరు వస్తే ఎవరికీ చెప్పవద్దు. బ్యాంకు వాళ్లమని చెప్పినా చెప్పవద్దు.

2010 నేర్పిన పాఠం

ఒకప్పుడు మన రాష్ట్రంలో మైక్రో ఫైనాన్సు కంపెనీలు ఊరూరా తిరిగి అప్పులు ఇచ్చాయి. గుమ్మంలోకే వచ్చి ఇచ్చారు. తీసుకోవడం తేలికగా ఉంది. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు, దాన్ని తీర్చడానికి మరో అప్పు. వారం వారం వాయిదా. కట్టలేకపోతే ఇంటి ముందు కూర్చున్నారు. పరువు పోతుందని కొందరు ప్రాణాలు తీసుకొన్నారు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఈ కంపెనీలను అదుపు చెయ్యడానికి ఆర్డినెన్సు తెచ్చింది.

అప్పు ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొందరు సెల్‌ఫోనులోనే ఇస్తున్నారు. కాబట్టి ఎవరు ఇచ్చినా మూడు మాటలు అడగాలి. చేతికి ఎంత వస్తుంది? మొత్తం ఎంత కట్టాలి? ఎన్ని రోజుల్లో కట్టాలి? ఈ మూడూ కాగితం మీద రాసి ఇవ్వనివాళ్ల దగ్గర అప్పు తీసుకోవద్దు.

డబ్బు ఒక్కటే కాదు

సంఘం అంటే డబ్బు దాచే డబ్బా కాదు. పన్నెండు మంది ఆడవాళ్లు కూర్చొని మాట్లాడుకొనే చోటు అది. ఊరి బోరింగు పాడైతే అక్కడ మాట్లాడుకోవచ్చు. ఎనిమిదో తరగతి పిల్లకు పెళ్లి చేస్తామంటే ఆపమని అందరూ కలిసి చెప్పవచ్చు. ఒక్కరు పంచాయతీకి వెళితే "రేపు రా" అంటారు. పన్నెండు మంది వెళితే కుర్చీ వేస్తారు.

ఈ ప్రాంతానికి కలిసి పని చెయ్యడం కొత్త కాదు. చీరాల పక్కన వేటపాలెంలో 1918లో ఊరివాళ్లు ఒక గ్రంథాలయం పెట్టుకొన్నారు. దాని పేరు సారస్వత నికేతనం. దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. ఊరివాళ్లు తలా ఒక చెయ్యి వేస్తే ఎంత పని అవుతుందో అది చెబుతుంది.

చదువు వచ్చింది. సంతకం వచ్చింది. సంతకం పెట్టడం సగం చదువే. దేని మీద పెడుతున్నామో తెలుసుకోవడం మిగతా సగం. సంఘం లెక్క చదవగలిగినవాళ్లు ఇంటి లెక్కా చదవగలరు. కూలి లెక్క, రేషను లెక్క, కరెంటు బిల్లు – ఏదైనా చదవగలరు. వాళ్లను మోసం చెయ్యడం కష్టం.

చదివారు గదా! ఇప్పుడు చెప్పండి.

1. రెండు రూపాయల వడ్డీకి 1,000 రూపాయలు తెస్తే ఏడాదికి వడ్డీ ఎంత?
2. మీ పాసు పుస్తకం ఇప్పుడు ఎక్కడ ఉంది? అందులో మీ పొదుపు ఎంత?
3. మీ సంఘం పంచ సూత్రాల్లో ఏది సరిగా పాటించడం లేదు? ఎందుకు?
4. వచ్చే సమావేశంలో లెక్కలు పైకి చదివేది ఎవరు? పేరు రాయండి.