లేజర్ గదిలో అద్దం ఉండకూడదు

విశాఖపట్నంలో సింహాచలం కొండ చుట్టుపక్కల, అడవివరం నుంచి గోపాలపట్నం దాకా, ఉక్కు ఫ్యాక్టరీలోనో షిప్‌యార్డులోనో పనిచేసేవాళ్ళ ఇళ్ళు చాలా ఉన్నాయి. వెల్డింగ్ మంటను నల్లద్దం లేకుండా చూస్తే రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టు ఉంటుందని ఆ ఇళ్ళలో చిన్నపిల్లలకూ తెలుసు. అలాంటి ఇళ్ళ అమ్మాయిలు కొందరు ఇప్పుడు స్కిన్ క్లినిక్కుల్లో, పార్లర్లలో రోమాలు తీసే లేజర్ హ్యాండ్‌పీస్ పట్టుకుంటున్నారు. యంత్రం అమ్మినవాళ్ళు చాలాచోట్ల బటన్లు చూపించి వెళ్ళిపోతారు. కంటి గురించి చెప్పరు.

అపోహ: "దెబ్బ తగిలితే కంటికి తెలియదా?"

తెలియకపోవచ్చు. వెల్డింగ్ వెలుతురు కంటి పైపొరను కాలుస్తుంది. అక్కడ నరాలు ఎక్కువ కాబట్టి మంట పుడుతుంది, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. లేజర్ దారి వేరు. రోమాలకు వాడేవాటి తరంగదైర్ఘ్యాలు ఇవి: అలెగ్జాండ్రైట్ 755 నానోమీటర్లు, డయోడ్ సుమారు 800, ఎన్‌డీ యాగ్ 1064. యాగ్ కిరణం అసలు కనపడదు. కనపడనిదానికి రెప్ప మూసుకోదు. 400 నుంచి 1400 నానోమీటర్ల మధ్య వెలుతురు కంటి కటకం గుండా వెళ్ళి, లక్ష రెట్ల దాకా చిక్కబడి రెటీనా మీద పడుతుంది. రెటీనాకు నొప్పి తెలియదు. చూపు మధ్యలో మిగిలిన మచ్చ జీవితాంతం ఉండిపోవచ్చు. హనుమంతవాకలోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటిచోట్ల షుగర్ రోగుల రెటీనాకు డాక్టర్లు లేజర్‌తో చేసే వైద్యం కూడా చిన్న చిన్న వాతలు పెట్టడమే. అక్కడ ఎక్కడ, ఎంత కాల్చాలో కొలిచి కాలుస్తారు.

అపోహ: "మాది ఐపీఎల్, లేజర్ కాదు. గాగుల్స్ ఎందుకు?"

లేజర్ కాదన్న మాట నిజమే. ఐపీఎల్ అంటే ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్. జినాన్ దీపం ఫ్లాష్ అది, సుమారు 500 నుంచి 1200 నానోమీటర్ల కలగలుపు వెలుతురు. కనుబొమల దగ్గర ఐపీఎల్ కొట్టించుకున్నాక కంటిపాప చుట్టూ ఉండే ఐరిస్ వాచిన కేసులు, కంటిపాప ఆకారమే మారిపోయిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. మూసిన రెప్ప గుండా ఈ వెలుతురు కొంత లోపలికి పోతుంది, దూది పెట్టినా చాలదు. ముఖానికి చేసేటప్పుడు కస్టమర్ కళ్ళకు వెలుతురు దూరని షీల్డులే పెట్టాలి. కనురెప్పల జోలికి, కంటి గుంట లోపలికి డాక్టరు కానివాళ్ళు వెళ్ళనేకూడదు.

అపోహ: "నల్లకళ్ళజోడు ఉందిగా."

రంగుతో పనిలేదు. ఏ నానోమీటర్లకు, ఎంత ఓడీ (ఆప్టికల్ డెన్సిటీ, అంటే వెలుతురును ఆపే శక్తి) అన్నది గాగుల్స్ మీదే అచ్చయి ఉండాలి. ఓడీ 5 అంటే లక్షలో ఒక వంతే లోపలికి వస్తుంది. 1064కు చేసిన జోడు 755ను ఆపుతుందన్న నమ్మకం లేదు. రెండు యంత్రాలున్న గదిలో జోళ్ళు తారుమారవడం నన్ను అన్నిటికంటే భయపెట్టే విషయం.

అపోహ: "హ్యాండ్‌పీస్ పట్టినవాళ్ళకే ప్రమాదం."

క్లాస్ 4 (లేజర్లలో అన్నిటికంటే ప్రమాదకరమైన తరగతి) అని ముద్ర ఉన్న యంత్రం నుంచి వెళ్ళి, దేనికైనా తగిలి తిరిగొచ్చిన కిరణమూ హాని చేస్తుంది. పార్లర్ అంటేనే నాలుగు గోడలా అద్దాలు. లేజర్ గదిలో అవి తీసేయాలి, లేదా పూర్తిగా కప్పేయాలి. తోడొచ్చిన అక్క, తుడవడానికి వచ్చిన ఆయా, అందరూ గాగుల్స్ పెట్టుకోవాలి, లేకపోతే బయట ఉండాలి. తలుపుకు గడియ, పని అయ్యాక యంత్రం తాళంచెవి తీసి దాచడం, ఇవన్నీ శిక్షణలో మొదటిరోజే నేర్పాల్సినవి. స్పిరిట్‌తో తుడిచిన చర్మం ఆరకముందే కొడితే నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది.

లేజర్‌తో క్యాన్సర్ వస్తుందని, గర్భిణులు ఆ గదిలో పనిచేయకూడదని భయపడేవాళ్ళున్నారు. ఇది ఎక్స్‌రే లాంటి కిరణం కాదు, కడుపులోకి చేరదు. రోమాలు కాలిన పొగ మాత్రం పీల్చకూడదు. పొగ లాగే యంత్రం, ఎన్95 మాస్కు కావాలి.

అపోహ: "పెళ్ళికి నాలుగు రోజులే ఉంది, సెట్టింగ్ కాస్త పెంచు."

వైశాఖంలో పెళ్ళిళ్ళూ, సింహాచలం గుడిలో చందనోత్సవమూ కలిసే వస్తాయి. ఆ రోజు స్వామి నిజరూప దర్శనానికి ఎండలో క్యూలో నిలబడి నల్లబడిన చర్మంలో మెలనిన్ పెరుగుతుంది. రోమం మూలానికి చేరాల్సిన వేడిని అదే పీల్చుకుంటుంది, బొబ్బలు, మచ్చలు వస్తాయి. ట్యాన్ తగ్గేదాకా ఆగాలి, ప్యాచ్ టెస్ట్ చేశాకే మొదలుపెట్టాలి. పెళ్ళికూతురు ఎంత బతిమాలినా, "ఇప్పుడు వద్దమ్మా" అనే అధికారం హ్యాండ్‌పీస్ పట్టిన అమ్మాయికి యజమాని ఇవ్వాలి.