విరుగుడు మందుకు దురద వస్తే భయపడకండి



పారాసిటమాల్ మాత్రలు మోతాదు మించి మింగినవారికి ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడును సెలైన్‌లో కలిపి ఎక్కిస్తాము. కొందరికి వాంతులు, దురద, దద్దుర్లు, ఆయాసం వస్తాయి. "సిస్టర్ గారూ, ఈ మందు పడలేదు, తీసేయండి" అని ఇంటివారు కంగారుపడతారు. పూర్తిగా మానేస్తే కాలేయానికే ప్రమాదం. వెంటనే మమ్మల్ని పిలవండి. సెలైన్ కాసేపు ఆపి, డాక్టరుగారు చెప్పిన ఇంజెక్షన్ ఇచ్చి, నిదానంగా మళ్లీ మొదలుపెడతాము. ఉబ్బసం ఉంటే ముందే చెప్పండి.

21 గంటల పాత పద్ధతికి బదులు, మొదటి మోతాదు తగ్గించి, నెమ్మదిగా ఎక్కించి, 12 గంటల్లో ముగిస్తే ఈ బాధలు బాగా తగ్గాయని 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చిన బ్రిటన్ పరిశోధన తెలిపింది.

మింగిన 8 గంటలలోపు విరుగుడు పడితే మేలు ఎక్కువ. మొదటి రోజు మనిషి బాగానే కనిపించవచ్చు. మహానంది చుట్టుపక్కల ఊళ్లవారు తెల్లవారేదాకా ఆగకండి. ఖాళీ మాత్రల అట్టలు వెంట తెండి. ఎందుకు మింగావని కోప్పడకండి, పక్కన కూర్చోండి.