ఇంటి కంప్యూటరునకు భాగముల ఎంపిక

కంప్యూటరు భాగములను విడివిడిగా కొని ఇంటియొద్దనే కూర్చుకొనవలెనని తలచువారు మొదట అడుగు ప్రశ్న "ఏ ప్రాసెసరు మంచిది?" అన్నది. దుకాణదారుడును ఆ ప్రశ్నతోనే లెక్క మొదలుపెట్టును. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల వారికి మాత్రము అది రెండవ ప్రశ్నగా నుండుట మేలని మా అభిప్రాయము. ఆ యంత్రమునకు ఎట్టి కరెంటు అందబోవుచున్నది, అది ఎట్టి గాలిలో పనిచేయబోవుచున్నది అన్నది మొదటి ప్రశ్న.

ఈ ప్రాంతమున కంప్యూటరు కొనువారిలో పలువురు ఇంజనీరింగు చదువు పిల్లల తలిదండ్రులు. రాజాములోను, టెక్కలిలోను కళాశాలలు వెలసినవి. ఎచ్చెర్ల మండలమున రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణము 2016లో మొదలైనది. విజయనగరములోని సాంకేతిక కళాశాల 2022లో గురజాడవారి పేరిట విశ్వవిద్యాలయముగా మారినది. పిల్లల చదువునకై తీయు సొమ్ము కొన్ని ఇండ్లలో జీడితోట కాపువలన వచ్చినది. కొన్ని ఇండ్లలో ఇంటి పెద్ద దూరదేశమునకు వలసపోయి పంపినది. ఏబది వేల రూపాయలు పోసి కొన్న యంత్రమున ఆరు మాసములకే మదర్‌బోర్డు కాలిపోయినచో మరల కొను శక్తి ఆ యింటికి ఉండదు. కనుక వేగము మాట తరువాత చూచుకొనవచ్చును. ముందుగా మన్నిక చూడవలెను.

భాగములు కొని కూర్చుకొను వీలు మొదటినుండి ఉన్నది కాదు. హైదరాబాదునందలి ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును వెలువరించినప్పుడు, దానిలో ఒక భాగము చెడినచో అంగడికి పోయి తెచ్చుకొను మాటయే లేదు. 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ తన చిన్న కంప్యూటరును ఇతరులు చేసిన భాగములతో నిర్మించి, దాని సాంకేతిక వివరములను అచ్చువేసి అమ్మినది. అంతట దానికి సరిపోవు భాగములను ఎవరికి వారు తయారుచేయసాగిరి. 1995లో ఇంటెల్ సంస్థ ఎ.టి.ఎక్స్. అను కొలతల పద్ధతిని ఏర్పరచినది. బోర్డు పొడవు వెడల్పులు, మరలు బిగించు రంధ్రముల తావులు, కరెంటు తీగల కొసలు ఇన్నియు దానితో కుదురుకొన్నవి. బొబ్బిలి వీణను ఒక్క పనస మ్రానునుండియే తొలుతురు. మన కంప్యూటరు అట్టిది కాదు. అది ఎడ్లబండి వంటిది: చక్రము ఒకరు చేసినది, ఇరుసు మరియొకరు చేసినది, కొలత కుదిరినచో నడచును. ఒక చక్రము విరిగినచో దానినే మార్చుకొనవచ్చును. ల్యాప్‌టాపున ఈ వెసులుబాటు మిక్కిలి తక్కువ.

ఇక కరెంటు మాట. గోడనుండి వచ్చు 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులకు తగ్గించి బోర్డునకు అందించు పెట్టెను ఎస్.ఎం.పి.ఎస్. అందురు. కొనువారు అన్నిటికన్న తక్కువ చూపు సారించునది దీనిమీదనే. క్యాబినెట్టుతో కలిపి వెయ్యి రూపాయలలోపున ఇచ్చు పెట్టెలు కలవు. వాటిపై 500 వాట్లు అని పెద్ద అక్షరములతో ఉండును. ఆ అంకెను నమ్మక, ప్రక్కనున్న చిన్న పట్టికలో 12 వోల్టుల గడియొద్ద ఎన్ని ఆంపియర్లు వ్రాసినారో చూడవలెను. నేటి ప్రాసెసరును గ్రాఫిక్స్ కార్డును ఆహారము తీసికొనునది ఆ గడినుండియే. అక్కడ 16 ఆంపియర్లు మాత్రమే ఉన్నచో, 12 చేత గుణించగా 192 వాట్లు వచ్చును. అట్టి పెట్టెపై 500 అని వ్రాయుట ధైర్యమే గాని నిజము కాదు. మంచి 450 వాట్ల పెట్టెలో ఆ గడియొద్ద 36 ఆంపియర్లకు అటునిటుగా ఉండును. "80 ప్లస్ బ్రాంజ్" అను ముద్ర ఉన్నది సగము భారమున గోడనుండి తీసికొన్న కరెంటులో నూటికి 85 పాళ్లకు తక్కువ గాకుండ బోర్డునకు అందించును.

అదే పట్టికలో లోనికి వచ్చు వోల్టేజి హద్దులును ఉండును. కొన్నిటిపై 200 నుండి 240 అనియు, కొన్నిటిపై 100 నుండి 240 అనియు వ్రాసియుండును. మన పల్లెలకు రెండవదియే తగినది. పొలములలో మోటార్లు ఒక్కుమ్మడిగా తిరుగు వేళ ఇంటి దీపము మందగించుట ఎల్లరు ఎరిగినదే. అప్పుడు వోల్టేజి 180కి దిగినను ఈ పెట్టె తొణకదు. వేరుగా స్టెబిలైజరు కొను వ్యయము మిగులును.

కరెంటు పోయిన క్షణమున ఏమగును? మంచి ఎస్.ఎం.పి.ఎస్. తనలో నిలువయున్న శక్తితో సుమారు 16 మిల్లీసెకనులు యంత్రమును నిలుపగలదు. యు.పి.ఎస్. ఆ లోపుననే, సాధారణముగా పది మిల్లీసెకనులలో, బ్యాటరీ కరెంటును అందుకొనును. ఇంటి ఇన్వర్టరు చాలదా అని పలువురు అడుగుదురు. దానిపై "యు.పి.ఎస్." అను మీట ఉన్నచో, దానిని ఆ వైపునకు త్రిప్పి వాడుకొనవచ్చును, మామూలు వైపుననే ఉంచినచో మార్పిడి ఆలస్యమై కంప్యూటరు ఆరిపోవును. చవుక ఇన్వర్టర్లు చదరపు అలల కరెంటు నిచ్చును. అది ఫ్యానునకు గుర్రు పుట్టించుటయే కాక, కొన్ని మంచి ఎస్.ఎం.పి.ఎస్.లకు సరిపడదు కూడ. సైను అలల ఇన్వర్టరైనచో చింత లేదు. యు.పి.ఎస్.పై వ్రాయు 600 వి.ఎ. అనగా 600 వాట్లు కాదు, సుమారు 360 మాత్రమే. గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రము, తెర, రెండును కలిసి నూట ఏబది వాట్లు దాటుట అరుదు గనుక అది చాలును. లేజరు ప్రింటరును మాత్రము దానికి తగిలింపరాదు.

మూడవ సూది సంగతి మరింత ముఖ్యము. కంప్యూటరు పెట్టెను ముట్టినప్పుడు వ్రేళ్లు జివ్వుమనుట పాత యిండ్లలో సామాన్యము. ఎర్తు లేనిచో ఎస్.ఎం.పి.ఎస్.లోని వడపోత కెపాసిటర్ల మూలమున పెట్టె లోహముపై దాదాపు సగము వోల్టేజి నిలుచును. కరెంటు పరిమాణము స్వల్పమగుటచే మనిషికి జివ్వుమను మాత్రమే. బోర్డుపై గల సున్నితపు భాగములకు అది మంచిది కాదు. పెరటిలో గొయ్యి త్రవ్వి, పలకను గాని గొట్టమును గాని పాతి, ఉప్పు బొగ్గు పొరలుగా వేసి ఎర్తు ఏర్పరచుట ఎలక్ట్రీషియనుకు ఒక పూట పని. ప్రాసెసరులో ఒక మెట్టు తగ్గించుకొనియైనను ఈ పని చేయించవలెనందుము.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపమున తీరము దాటి ఉద్దానపు కొబ్బరితోటలను కూల్చినప్పుడు, కరెంటు స్తంభములు వేలకొలదిగా నేలకొరిగినవి. పలు గ్రామములు దినముల తరబడి చీకటిలో నుండినవి. అట్టి వేళ కరెంటు లేకపోవుటకన్న అది తిరిగి వచ్చు గడియ ప్రమాదకరము. న్యూట్రలు తీగ తెగియున్నచో 230 రావలసిన చోట 400 వోల్టుల దాకా రావచ్చును. ఏ పెట్టెయు దీనిని తట్టుకొనదు. తుఫాను హెచ్చరిక వినిన వెంటనే ప్లగ్గును ఊడదీయవలెను. మీట ఆపుట చాలదు. కరెంటు వచ్చిన తరువాత దీపములు ఒక గంట నిలకడగా వెలుగుట చూచి తగిలించవలెను.

గాలి సంగతి క్లుప్తముగా చెప్పుదుము. కళింగపట్టణము, భావనపాడు, బారువ, చింతపల్లి వంటి తీరగ్రామములలో ఉప్పు తేమ కిటికీ చువ్వలను ఏమిచేయునో అందరికి తెలియును. కంప్యూటరు లోపలను అదే జరుగును. ర్యాము అంచున బంగారు పూత ఉండును గాని, దాని ప్రక్కనున్న టంకపు అతుకులకు ఆ రక్షణ లేదు. యంత్రమును సముద్రమువైపు కిటికీకి దూరముగా నుంచి, వాడకము లేని దినములలోను వారమునకు ఒకటి రెండు మార్లు గంటసేపు నడిపినచో ఆ వేడికి తేమ తొలగును. ముందువైపు అద్దము బిగించి రంగు దీపములు పెట్టిన క్యాబినెట్లు నేడు మిక్కిలి అమ్ముడగుచున్నవి. వాటిలో పలువాటికి గాలి పోవు దారి సరిగా లేదు. మే మాసపు ఉక్కలో జల్లెడ ముఖము, కడిగి పెట్టుకొనదగు వడపోత గుడ్డ గల సాదా పెట్టెయే మేలు. జనుపమిల్లు, ధాన్యపుమిల్లు దాపున నివసించువారు ఆ గుడ్డను నెలకొకసారి దులుపవలసియుండును.

ఇప్పుడు ప్రాసెసరు ప్రశ్నకు రావచ్చును. ఇందు మోసపోవు తావు ఒక చిన్న అక్షరము. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర "ఎఫ్" ఉన్నచో దానిలో తెరకు బొమ్మనందించు గ్రాఫిక్స్ ఉండదు. ధర తక్కువని దానిని కొని ఇంటికి తెచ్చి బిగించిన పిదప తెర నల్లగా ఉండిపోవును. వేరుగా కార్డు కొనక తప్పదు. కోర్ ఐ5 12400 అనుదానిలో గ్రాఫిక్స్ కలదు, 12400ఎఫ్‌లో లేదు. ఎ.ఎం.డి. వారి పాత ఎ.ఎం.4 జాతిలో "జి" అక్షరము ఉన్నచోట, ఉదాహరణకు రైజెన్ 5 5600జిలో, గ్రాఫిక్స్ ఉండును. ప్రోగ్రాములు వ్రాసికొనుటకు, పాఠములు వినుటకు, లెక్కల పనికి ఈ పాటివి నిండుగా చాలును. ఆటలకై కార్డు కావలెనన్నచో తరువాత చేర్చవచ్చును, ఎస్.ఎం.పి.ఎస్. ముందే మంచిది కొనియున్నచో.

ప్రాసెసరునకు తగిన మదర్‌బోర్డు, బోర్డునకు తగిన ర్యాము కావలెను. ఎ.ఎం.4 బోర్డులో డి.డి.ఆర్.4 మాత్రమే పట్టును. 2022లో వచ్చిన ఎ.ఎం.5 బోర్డులో డి.డి.ఆర్.5 మాత్రమే. పై ఐ5 కూర్చుండు ఎల్.జి.ఎ. 1700 బోర్డులు రెండు రకములుగను కలవు, కాని ఒక బోర్డు ఒకదానినే పుచ్చుకొనును. రెంటి గంట్లు వేరు తావుల నుండును గనుక బలవంతముగ నొక్కరాదు. పాత సరుకైన బోర్డును క్రొత్త ప్రాసెసరుతో కలిపి కొనునప్పుడు, దాని బయాసు ఆ ప్రాసెసరును గుర్తించునో లేదో దుకాణముననే వెలిగించి చూపుమని అడుగవలెను. 2025 చివరి నెలలలో ప్రపంచమంతట మెమరీ ధరలు ఒక్కసారిగా పెరిగినవి. పదునారు జి.బి. బరువనిపించినచో ఎనిమిది జి.బి. ముక్క ఒకటి కొని, రెండవ గాడిని ఖాళీగా ఉంచుకొనుట తెలివి. ఎస్.ఎం.పి.ఎస్., యు.పి.ఎస్. రెంటికి కలిపి కేటాయించిన ఆరేడు వేలనుండి కోత పెట్టుట మాత్రము తగదు. నిలువకు ఎస్.ఎస్.డి. కొనవలెను, పాత హార్డుడిస్కు ఇంటిలో ఉన్నచో దానిని రెండవ ప్రతికై వాడుకొనవచ్చును.

సెకండ్‌హ్యాండు సరుకు గూర్చి ఒక మాట. తెర, క్యాబినెట్టు, కీబోర్డు పాతవి కొన్నను నష్టము లేదు. పాత ఎస్.ఎం.పి.ఎస్. కొనరాదు. కార్యాలయములు వదలివేసిన చవుక యంత్రములలో పలువాటికి విండోస్ 11 నియమముల ప్రకారము ఎక్కదు. విండోస్ 10కి ఉచిత రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. అట్టివాటిపై లినక్సు వేసికొను ఓపిక ఉన్నవారికే అవి లాభము.

ఎక్కడ కొనవలెనన్నది దూరమును బట్టి ఉండును. సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో ధర కొంత తగ్గవచ్చును. కాని బోర్డు చెడినప్పుడు దానిని తీసికొని అంతదూరము పోవలెను గదా! విజయనగరమునుండి విశాఖపట్టణము సుమారు అరువది కిలోమీటర్లు, శ్రీకాకుళమునుండి నూటికి పైన. ఇచ్ఛాపురము వారికి అదియు దూరమే. కనుక ప్రతి భాగమునకు వారంటీ ఎన్ని సంవత్సరములు, దానిని చూచువారు ఎక్కడ ఉన్నారు అని కొనకముందే అడిగి, సీరియలు అంకెతో జి.ఎస్.టి. బిల్లు తీసికొనవలెను. బిల్లు లేకుండ తగ్గించెదనను వాని తగ్గింపు వారంటీతో పోల్చినచో స్వల్పము.

ఇంటికి తెచ్చిన పిదప అన్నిటిని ఒకేసారి పెట్టెలో బిగింపక, బోర్డును దాని అట్టపెట్టెమీదనే పరచి, ప్రాసెసరు, చలువ ఫ్యాను, ఒక ర్యాము ముక్క మాత్రము అమర్చి వెలిగించి చూడవలెను. తెరపై అక్షరములు కనబడినచో తక్కినవి చేర్చవచ్చును. యు.పి.ఎస్. బ్యాటరీ రెండు మూడేండ్లకు మార్చవలసివచ్చును. కొన్న నెలను, సంవత్సరమును దాని వెనుక కాగితముపై వ్రాసి అంటించి ఉంచుడు.