అటక మీదుగా విద్యుత్ తీగ: వేడి లెక్క

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పెంకుటిళ్లలో అటక ఖాళీగా ఉండడం అరుదు. గోగునార కట్టలు, ఎండుకొబ్బరి, పెళ్లిళ్లకు దించే గుండిగలు అక్కడే ఉంటాయి. మీటరు నుంచి వంటగదికి వెళ్లే వైరు తరచు ఆ కట్టల కిందుగానే పోతుంది. కింద గోడ మీద ఏళ్ల తరబడి నిలిచిన వైరు, అదే కరెంటుకు అటక మీద ఎందుకు మాడుతుందో ఇప్పుడు చూద్దాం.

తీగలో పుట్టే ఉష్ణం ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని జౌల్ నియమంలో చదివారు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నిరోధం కిలోమీటరుకు సుమారు 12.1 ఓమ్‌లు. 10 మీటర్ల దూరానికి ఫేజు, న్యూట్రల్ కలిపి 20 మీటర్ల తీగ, అంటే 0.242 ఓమ్‌లు. లైట్లు, ఫ్యాన్లు 2 ఆంపియర్లు తీసుకుంటే పుట్టే వేడి ఒక వాట్ లోపే. అదే వైరుకు 2,000 వాట్ల గీజరు, 1,000 వాట్ల ఇస్త్రీ పెట్టె తగిలిస్తే ప్రవాహం 13 ఆంపియర్లు, వేడి 41 వాట్లు!

ఆ వేడి బయటికి పోవాలి. సాధారణ పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల వరకే తట్టుకుంటుంది. పరిసరం 30 డిగ్రీలుంటే వైరు వేడెక్కడానికి 40 డిగ్రీల వెసులుబాటు ఉంది. వేసవి మధ్యాహ్నం పెంకుల కింద 50 డిగ్రీలైతే మిగిలేది 20. వేడి సగానికి తగ్గాలంటే ప్రవాహం 0.71 వంతుకు తగ్గాలి. అంటే గొట్టంలో 17 ఆంపియర్లు మోయగల వైరు ఇక్కడ 12 మోస్తుంది. పైన నార కట్టలు కప్పితే అందులోనూ సగం, ఆరే అనుకోండి. కింద బోర్డులోని 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి ఈ సంగతి తెలియదు. 13 ఆంపియర్లకు అది పడిపోదు, తొడుగు మాత్రం మెల్లగా ఎండి పెళుసెక్కుతుంది.

కాబట్టి గీజరుకు వేరే సర్క్యూట్ వేయించండి. వైరును అటక నేల మీద పరచకుండా, దూలం పక్కగా గట్టి గొట్టంలో, సామాను తగలని ఎత్తులో తీయించండి. గొట్టం చివరలు మూయించండి, ఎలుకలు దూరతాయి. మా సొంత ఇంట్లో ఒక వైరును అవి రాగి కనబడేదాకా కొరికేశాయి. దీపావళికి గుండిగ దించుతూ చూశాం. అతుకులుంటే మూత ఉన్న జంక్షన్ పెట్టెలోనే, చేతికి అందే చోట ఉండాలి. టేపు చుట్టిన అతుకును గొట్టంలోకి తోయనివ్వకండి. ఆకుపచ్చ ఎర్త్ తీగ వెంట రావలసిందే.

మన ప్రాంతంలో వాన సంగతి మరువకూడదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను గుర్తుండే ఉంటాయి. పెంకులు లేచిపోతే అటక తడుస్తుంది. అప్పుడు మెయిన్ ఆపి, ఆరిన తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో పరీక్ష చేయించాలి; విలువ కనీసం 1 మెగాఓమ్ రానిదే కరెంటు ఇవ్వకూడదు. తడి దూలం పట్టుకున్న మనిషిని కాపాడేది 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి.; ఎం.సి.బి. ఆ పని చేయదు. ఈ పనులన్నీ లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేయాలి. మీరు లెక్క అడగండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: 30 డిగ్రీల వద్ద 24 ఆంపియర్లు మోసే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు 50 డిగ్రీల అటకలో ఎంత మోస్తుంది? నార కట్టల కింద ఎంత?