బిల్డ్ సర్వీసులో మన ఫైళ్ళకు గడువెంత?



మన హాస్టళ్ళ నుంచి ఇంజనీరింగ్, పాలిటెక్నిక్, ఎం.సి.ఎ. చదువులకు వెళ్ళే వారందరికీ సొంత కంప్యూటర్ ఉండదు. కాలేజీ ల్యాబ్‌లో కూర్చుని, ఇంటర్నెట్‌లోని ఉచిత సర్వీసుల మీద ఆధారపడి ప్రాజెక్టు పూర్తి చేసేవారు ఎందరో. అలాంటివారు తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటుంది.

మనం రాసే ప్రోగ్రామును సోర్స్ కోడ్ అంటారు. దానిని కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో నడిచే ఫైలుగా తయారు చేయడమే బిల్డ్. ఈ పనిని తమ యంత్రాల మీద అందరికీ చేసిపెట్టేవే ఉమ్మడి బిల్డ్ సర్వీసులు. గిట్‌హబ్ యాక్షన్స్, గిట్‌ల్యాబ్, ఫెడోరా లినక్స్ వారి కోపర్ ఇలాంటివే.

వీటిని మన మెస్ వంటగదితో పోల్చవచ్చు. సోర్స్ కోడ్ బియ్యం, పప్పు వంటిది. బిల్డ్ అయిన ఫైలు వండిన అన్నం. వంటగదిలో నిన్నటి అన్నం గిన్నెలన్నీ అలాగే ఉంచితే రేపటి వంటకు గిన్నె దొరకదు. కోడ్‌లో చిన్న మార్పు చేసినా మళ్ళీ కొత్త బిల్డ్ జరుగుతుంది. లక్షలమంది పాత ఫైళ్ళు పేరుకుపోతే డిస్కులు నిండిపోతాయి, ఖర్చు పెరుగుతుంది. అందుకే గడువు దాటినవి వాటంతట అవే తొలగిపోయే ఏర్పాటు చేస్తారు.

గడువులు ఒక్కోచోట ఒక్కో విధంగా ఉంటాయి. గిట్‌హబ్ యాక్షన్స్‌లో తయారైన ఫైళ్ళు, లాగ్‌లు మనం మార్చకపోతే 90 రోజులు ఉంటాయి. బిల్డ్ త్వరగా కావడానికి దాచే క్యాష్‌ను 7 రోజులు ఎవరూ వాడకపోతే తీసివేస్తారు. గిట్‌ల్యాబ్ వెబ్‌సైటులో బిల్డ్ ఫైళ్ళకు మామూలు గడువు 30 రోజులు. ఫెడోరా వెర్షన్ ఒక్కొక్కటి సుమారు 13 నెలలు నడుస్తుంది. దాని కాలం ముగిశాక కోపర్ ఆ వెర్షన్ బిల్డ్‌లను 180 రోజులు ఉంచి, యజమానికి ఈమెయిల్ పంపుతుంది. యజమాని కోరితే గడువు పొడిగిస్తుంది. ఏ జవాబూ రాకపోతే తొలగిస్తుంది.

నియమాలు మారుతూ కూడా ఉంటాయి. ఆరు నెలలుగా ఎవరూ వాడని ఉచిత ఖాతాల ఇమేజ్‌లను నవంబరు 1 నుంచి తొలగిస్తామని డాకర్ హబ్ 2020 ఆగస్టులో ప్రకటించింది. అక్టోబరులో దానిని వాయిదా వేసింది.

“సోర్స్ కోడ్ ఉంది కదా, మళ్ళీ బిల్డ్ చేసుకుంటే సరి” అని కొందరు అనుకుంటారు. అన్నిసార్లూ అలా కుదరదు. మన ప్రోగ్రాము ఇతరుల లైబ్రరీలను వాడుకుంటుంది. ఆరు నెలల తరువాత వాటి వెర్షన్లు మారిపోవచ్చు. అదే కోడ్ అప్పుడు బిల్డ్ కాకపోవచ్చు, అయినా తేడాగా పనిచేయవచ్చు. వైవా ముందురోజు ఈ సంగతి బయటపడితే చేయగలిగింది తక్కువ. సొంత కంప్యూటర్‌లో మరో కాపీ ఉన్నవారికి ఇది చిన్న ఇబ్బంది. లేనివారికి ఒక సంవత్సరం శ్రమ.

కనుక ఈ జాగ్రత్తలు పాటించండి:

1. చేరిన రోజే ఆ సర్వీసు గడువు ఎన్ని రోజులో చదివి నోట్‌బుక్‌లో రాసుకోండి.

2. పరీక్షకు, ఇంటర్వ్యూకు చూపవలసిన ఫైలును వెంటనే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లోనూ, మరొకచోటా దాచండి. గిట్‌హబ్‌లో రిలీజెస్ విభాగంలో పెట్టిన ఫైళ్ళకు 90 రోజుల గడువు వర్తించదు.

3. వాడిన లైబ్రరీల వెర్షన్ నంబర్లు కోడ్‌తోపాటే రాసి ఉంచండి.

4. కాలేజీ ఇచ్చిన ఈమెయిల్ చదువయ్యాక మూతపడవచ్చు. హెచ్చరిక అక్కడికే వెళితే మనకు చేరదు. చివరి సంవత్సరంలోనే సొంత ఈమెయిల్‌కు మార్చుకోండి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలలో ఉన్న పూర్వ విద్యార్థి అన్నలు, అక్కలు సెలవులకు హాస్టల్‌కు వచ్చినప్పుడు ఈ నాలుగు మాటలూ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పాలని మనవి. ఉమ్మడి వంటగది వండిపెడుతుంది. బియ్యం డబ్బా భద్రం చేసుకోవలసింది మాత్రం మనమే.