'స్ట్రెంగ్తెన్' అను క్రియ

మా విద్యార్థులలో ననేకులు 'స్ట్రాంగెన్' అని వ్రాయుచున్నారు. 'హార్డ్' నుండి 'హార్డెన్', 'వీక్' నుండి 'వీకెన్' పుట్టినట్లే యిదియు ననుకొందురు. కాని యిచ్చట విశేషణమునకు గాక 'స్ట్రెంగ్త్' అను నామమునకు 'ఎన్' చేరును. 'లెంగ్తెన్' కూడ నట్టిదే.

రెండవ చిక్కు అర్థమునందు గలదు. బంగాళాఖాతమున వాయుగుండము బలపడును. అది తెచ్చు వానలకు వెఱచి సంగారెడ్డి రైతులు చెఱువుకట్టను బలపఱతురు. తెలుగున క్రియలు రెండు. ఇంగ్లీషున రెంటికిని 'స్ట్రెంగ్తెన్' ఒక్కటియే. కావున బలపడెననుటకు 'బికేమ్ స్ట్రెంగ్తెన్' అనరాదు. 'స్ట్రెంగ్తెండ్' అనిన జాలును. పటాన్‌చెరువు కర్మాగారములకు దరఖాస్తు వ్రాయబోవు మన బాలురు దీనిని మఱవకుందురు గాక.

ఉపాధ్యాయులు బలపఱచుట యొకటి, విద్యార్థి బలపడుట వేఱొకటి. ఇంగ్లీషు మఱుగుపఱచు నీ భేదమును మన తెలుగు చూపుచున్నది.